నూలు కట్టిన నివ్వరి

నా తలకాయ నిండా గడ్డి తప్ప ఇంకేమీ లేదని మా మూడో తరగతి అయ్యవారు బడంతా వినేలా ప్రకటించినప్పుడు, పెద్దవాళ్ళ మాట అబద్ధం చేయడం ఇష్టంలేక నేను ఆ ఏడే బడికి దండం పెట్టి బయటికొచ్చేశాను. కాకపోతే అది ఏ జాతి గడ్డో ఆయన చెప్పలేకపోయారు. నేనైతే ఈ వయసులో కూడా కళ్ళజోడు లేకుండా, ఆకు మొదలు తడిమి చెప్పగలను. మొన్న వానలు వెనకబట్టాక బెంగుళూరు శివార్లలోని హెబ్బగోడిలో మా చెల్లెలు రుక్కు ఇంటికి వెళ్ళాను. ఫ్యాక్టరీ పిల్లలకు బాడుగకిచ్చే గదుల వరస వెనకాల, ఎవరో ఇల్లు కడదామని తవ్వి వదిలేసిన గుంత గట్టు మీద కాసేపు తిరిగి వచ్చి, అరుగు మీద కూర్చుని పంచె అంచు దులుపుకుంటుంటే వేలికి ఏదో చురుక్కుమని గుచ్చుకుంది. పీకి చూస్తే ఎర్రటి మీసం. నా చూపుడు వేలంత పొడుగు, పందివెంట్రుక లాంటి బిరుసు, దాని మొదట్లో సన్నగా నల్లబడిన వడ్లగింజ ఒకటి. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఎండుతున్న బురద వాసన, గేదె వీపు వాసన, వాటి అడుగున ఎక్కడో గంజి పట్టిన నూలు వాసన. గింజకు నూలు వాసన ఉండదు, అది నా ముక్కులోంచే వచ్చి ఉంటుంది.

మాది బెంగుళూరు పాతపేటలో నేతగాళ్ళ సందు. ముత్తాతల నాడే అనంతపురం వైపు నుంచి మగ్గం కొయ్యలు బండికెత్తుకుని వచ్చి దిగిన వాళ్ళం, ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడం. సందులో ప్రతి ఇంటికీ ముందు గదిలో ఒక గుంట మగ్గం, ఆ గుంటలో కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్న ఒక మగమనిషి, వెనక గదిలో రాట్నం ముందు కండెలు చుట్టే ఒక ముసలమ్మ, పొద్దు పొడవకముందే వీధి పొడవునా పడుగు చాచి కుంచెలతో గంజి పట్టించే సందడి, ఆ గంజి ఎండేటప్పుడు వచ్చే పుల్లటి కమ్మటి వాసన, పడుగు కింద దూరి వెళ్ళబోయే పిల్లకాయల్ని తిట్టే తిట్లు, వీటన్నిటి మధ్య పెరిగాం. పడుగు తీసేశాక అదే వీధి మాకు చిన్నీదాండు మైదానం. దాండు తగిలిన చిన్నీ ఎవరి కిటికీలోకి దూరితే వాళ్ళ ఇంటి తిట్లు రుచి చూసేవాళ్ళం. ఒక్కో ఇంటి తిట్టుకు ఒక్కో రుచి ఉండేది, మా ఎదురింటివి మరీ కమ్మగా ఉండేవి.

నేను చెప్పబోయేది రెండో ప్రపంచయుద్ధం నడుస్తున్న నాటి మాట. కంటోన్మెంటు నిండా తెల్ల సోల్జర్లు, రోడ్ల మీద మిలిటరీ లారీలు. మా సందుకు మాత్రం యుద్ధం నూలు రూపంలో వచ్చింది, అంటే రాకుండా పోయింది. నూలు దొరకలేదు. మగ్గాల చప్పుడు ఒక్కో ఇంట్లో ఆగిపోతూ, చివరికి వీధి మొత్తం, పొద్దున్నే ఎవరో చచ్చిపోయిన ఇల్లులాగా నిశ్శబ్దమైపోయింది. మా నాయన చేతులు ఊరకే ఉండలేక పేక పోగును అటూ ఇటూ నడిపే నాడెను ఖాళీగానే నూనె గుడ్డతో తుడిచి తుడిచి నున్నగా చేసేవాడు. తిండిగింజలకు రేషను అంగడి. పిల్లలం పొద్దున్నుంచి సంచులు పట్టుకుని వరసలో నిలబడితే, మా వంతు వచ్చేసరికి రాగులకంటే రాళ్ళు ఎక్కువ వచ్చేవి. ఆ వరసలో జనాన్ని నవ్వించడం నా ఉద్యోగం. తక్కెడ కింద ఒక దయ్యం కూర్చుని పళ్ళెం లాగుతోందని, దానికి సగం రేషను ఇస్తే తప్ప వదలదని నేను కళ్ళు తిప్పుతూ చెబుతుంటే, అంతసేపూ ఏడుపు మొహాలతో ఉన్న ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్ళు. ఆ నవ్వులకు ఇంత ధర పడుతుందని అప్పుడు తెలియదు.

ఆ ఏడు వినాయక చవితికి ఉండ్రాళ్ళు రాగిపిండితో చేశారు. బెల్లం లేదు. నల్లటి ఉండలు పళ్ళెంలో పెట్టుకుని దేవుడి ముందు కూర్చుంటే, వినాయకుడి ఎలుక కూడా మొహం తిప్పుకుందని నేనన్నాను. ఎవరూ నవ్వలేదు, రుక్కు తప్ప. దానికప్పుడు ఐదేళ్ళుంటాయేమో, కాళ్ళు రాట్నం పుల్లల్లా, పొట్ట మాత్రం కుండలా. ఏదైనా నవ్వేది, నవ్వితే దగ్గొచ్చేది.

చవితి మర్నాడు ఋషిపంచమి. ఆ నోము మా సందులో అందరూ పట్టేది కాదు. మా అవ్వ, అంటే నాయనను కన్నతల్లి, పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. ఆ రోజు ఎద్దు దున్నిన నేలలో పండిందేదీ ముట్టకూడదు. రాగి లేదు, బియ్యం లేదు, పప్పు లేదు. తనంతట మొలిచి తనంతట పండిన గింజ మాత్రమే తినాలి. అదే నివ్వరి. చెరువుల అంచుల్లో ఎవరూ విత్తకుండా మొలిచే అడవి వరి. పోయిన ఏడాది ఏరి దాచుకున్న గింజలను అవ్వ ఒక చిన్న ముంతలో ఉంచి, ఆ పొద్దు దంచి, ఎర్రటి అన్నం ఒక పిడికెడు వండుకుని, పొన్నగంటాకుతో తినేది. చేయి కడుక్కుని, ముక్కులోకి ఇంత పొడుం పీల్చి, రాజుగారి విందు తిన్నట్టు తేన్చేది.

నివ్వరిని గుర్తుపట్టడం నాకు అవ్వే నేర్పింది. పేట వెనక కెరె ఉండేది. మా మాటలో చెరువన్నా కెరె అనే అనేవాళ్ళం. బడి మానేసిన వాడికి పనేముంది, అవ్వ వెనకాల బుట్ట పట్టుకుని తిరగడమే. కెరె మధ్యలో లోతు నీళ్ళలో జమ్ము. ఒడ్డు మీద గరిక. ఈ రెంటికీ నడుమ, వానల్లో మోకాటి లోతు నీళ్ళు నిలిచి, కార్తీకానికి ఆ నీళ్ళు వెనక్కి పోయి బురద పలకలు పలకలుగా పగిలే మేర ఉంటుందే, ఎద్దుకు అక్కరలేనిది, మనిషికి ఇల్లు కట్టుకోవడానికి పనికిరానిది, ఆ మేర నివ్వరిది. నీళ్ళు ఎప్పుడూ నిలిచే చోట అది కుళ్ళుతుంది, ఎప్పుడూ నిలవని చోట మొలవదు. అందులోనూ దానికి జతగాళ్ళున్నారు. పిల్ల దశలో ఊద గడ్డి, వరి, నివ్వరి మూడూ ఒకే తల్లి కన్న బిడ్డల్లా ఉంటాయి.

"నాలిక చూడురా, నాలిక," అనేది అవ్వ, ఆకు కాండాన్ని వదిలి పక్కకు వంగే చోట వేలితో విప్పి చూపిస్తూ. ఊదకు అక్కడ ఏమీ ఉండదు, నున్నగా బోసిగా ఉంటుంది. వరికి, నివ్వరికి అక్కడ తెల్లటి పలచటి పొర నిలబడి ఉంటుంది, నివ్వరికైతే ఇంకా పొడుగ్గా, మొన తేలి. "నాలిక లేంది ఊద. నాలికుండేది వరి జాతి. నీకుండే నాలికలో సగముంటే సాలు దానికి."

"మరి వరి ఏదో నివ్వరి ఏదో ఎట్ల తెలుస్తాదవ్వా?"

"నాటింది నిటారుగా నిలబడతాది, రైతుకు బయపడి. ఇది సూడు, ఎవురికీ బయపడదు, కాళ్ళు సాపుకోని కూకుంటాది."

నిజంగానే దాని పిలకలు మొదట్లో నేల మీద పరచుకుని, తర్వాత తల ఎత్తేవి. వెన్ను వేశాక ఇక సందేహమే లేదు. ఒక్కో గింజకు ఒక్కో ఎర్ర మీసం, గాలికి వెన్నంతా ఎర్రగా మెరిసేది. పట్టుకుని లాగితే మొక్క మొత్తం వేళ్ళతో సహా ఊడొచ్చేది, భూమిలో దుంప గానీ తీగ గానీ మిగలదు. "ఏటేటా సస్తాది, ఏటేటా పుడతాది," అనేది అవ్వ, "దీనికి గింజే దిక్కు. ఆ గింజ కూడా చెయ్యి తగిల్తే సాలు రాలిపోతాది. బుద్ధుండే గింజ. మనకు చిక్కకుండా బురదలో దాక్కోవాలని దాని ఆశ."

అందుకే పండిన వెన్ను కోయడానికి వీలు కాదు. కొడవలి తగిలేలోపే సగం నేల పాలు. తెల్లారి మంచు తడి ఉండగా, చేటను వెన్నుల కిందికి చేర్చి, మెల్లగా వంచి తడితే రాలినవే మనవి. మిగతాది పిచ్చుకలది, బురదది.

ఇక ఆ పంచమి మధ్యాహ్నం సంగతి. అవ్వ తన ఎర్రన్నం తిని కంచం పక్కకు పెట్టింది. అమ్మ మాకు రాగిసంగటి ముద్దలు పెడుతోంది. ముద్ద అనడం మర్యాద కోసం, గోలీల ఆట ఆడుకోవచ్చు వాటితో, ఆ మాటే నేనన్నాను కూడా. రుక్కు తన ముద్ద మింగేసి కుండ వైపు చూస్తోంది. కుండ ఖాళీ అని కుండకు కూడా తెలుసు. ప్రతి పూటా అప్పుడు అవ్వ తన కంచంలోంచి తుంచి దాని కంచంలోకి జరిపేది, అమ్మ చూస్తే వద్దని గొడవ చేసేది. ఆ పూట అవ్వ కంచంలో జరపడానికి ఏమీ లేదు.

"ఇంక నాకు సంగటి వద్దు," అంది అవ్వ. "ఈ పొద్దు నుంచి నేను ఎద్దు దున్నింది తినను. నోము ఏడాదంతా పట్టినా."

అమ్మ చేతిలో తెడ్డు ఆగిపోయింది. "ఏందత్తా ఈ నోము? ఏ పంచాంగంలో ఉండాది?"

"నా పంచాంగంలో ఉండాది."

నాయన గుంటలోంచే అరిచాడు. "నూలు దొరకని కాలంలో నీకు నోములు దొరుకుతుండాయేమ్మా! తినేదానికి తిండి లేకపోతే దానికో దేవుడి పేరు పెట్టేదా?"

"దేవుని పేరు పెట్టినా గదా, ఇంక నోరెత్తొద్దు," అంది అవ్వ, పొడుం డబ్బీ తెరుస్తూ.

నోము అన్నాక మా ఇళ్ళల్లో ఇంక మాట లేదు. అన్నం వద్దంటే బతిమాలొచ్చు, కోపమని అలిగితే కాళ్ళు పట్టుకోవచ్చు, నోము అంటే ఎవరూ ఏమీ చేయలేరు. బలవంతంగా తినిపిస్తే పాపం తినిపించిన వాళ్ళది. ముసలిది అన్ని దారులూ ఆలోచించి, గడియ వేసుకుని కూర్చుంది. ఆ రాత్రి నుంచి రుక్కు ముద్ద కాస్త పెద్దదైంది. ఎందుకు పెద్దదైందో ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ ఆ మాట పైకి అనలేదు.

అప్పటి నుంచి ఇంటిల్లిపాదికీ ఒకటే లెక్క: నివ్వరి పండేదాకా అవ్వ నిలవాలి. ముంతలో మిగిలిన గింజలు కొన్నాళ్ళకే అయిపోయాయి. నేను కెరె గట్టంతా తిరిగి పొన్నగంటాకు, గంగవాయిలాకు, తామర దుంపలు తెచ్చేవాణ్ణి. అవ్వ ఉప్పు లేకుండా ఉడికించుకుని తినేది. దసరా వచ్చింది. వీధిలో బొమ్మల కొలువులు పెట్టిన ఇళ్ళల్లో పిల్లలకు పంచే గుగ్గిళ్ళు ఆ ఏడు లేవు, బొమ్మలను చూసి ఉత్త చేతులతో తిరిగొచ్చాం. అవ్వ కండెలు చుట్టే రాట్నం దగ్గర కూర్చున్నా చుట్టడానికి నూలు లేదు, ఉత్త రాట్నం తిప్పేది. మొహం లోపలికి పోయి, చెవులు పెద్దవై, కమ్మలు భుజాలకు తగులుతున్నట్టు కనిపించేవి. "అవ్వా, నువ్వు ఇట్లనే పోతే గాలిపటానికి తోక కట్టి ఎగరేస్తా," అన్నాను. "నూలెక్కడిదిరా నీకి?" అంది. ఆ మాటకు నాయన కూడా నవ్వాడు. ఆ ఇంట్లో అందరం కలిసి నవ్వడం అదే ఆఖరు.

ఆశ్వయుజం చివర్లో నివ్వరి వెన్నులు వేసింది. ఆ ఏడు వానలు బాగా పడి, కెరె అంచు పొడవునా ఎర్ర మీసాలు లేచాయి. నాయన స్వయంగా వచ్చి చూశాడు. రాలిపోయే గింజ సగం పిట్టల పాలైతే ఎట్లా అని ఆయన దిగులు. తన పుట్టింటి వైపు పచ్చి మీదనే నాలుగైదు వెన్నులు కలిపి దాని ఆకుతోనే ముడి వేసేవాళ్ళని, ముడిలో గింజ చిక్కుకుని పండినా రాలదని అవ్వ చెప్పింది.

నాయన ఆకుతో ఒక ముడి వేసి చూశాడు, ఆకు తెగింది. ఇంకోటి వేశాడు, జారింది. ఆయన చేతికి ఆకు ఏం తెలుసు? పుట్టినప్పటి నుంచీ ఆ వేళ్ళకు తెలిసింది నూలు ఒకటే. ఇంటికొచ్చి మగ్గం కింద గుడ్డ సంచిలో ఏళ్ళ తరబడి దాచిన తుంచిన పోగులు, చీర అంచుల దగ్గర మిగిలిన ఎర్రవీ పసుపుపచ్చవీ ముక్కలు, బయటికి తీశాడు. తెల్లవారుజామున మేమిద్దరం బురదలో దిగాం. కొత్త పడుగును పాత పడుగుకు అతికేటప్పుడు వేసే పురితో, బొటనవేలూ చూపుడువేలూ ఒక్కసారి ఇటు తిప్పి అటు తిప్పి, ఆయన వెన్నులను కట్టుకుంటూ పోతుంటే, నెలల తర్వాత ఆయన మొహంలో మగ్గం మీద కూర్చున్న కళ వచ్చింది. నేను వెన్నులు చేరదీసి పట్టుకునేవాణ్ణి. పొద్దెక్కేసరికి కెరె అంచంతా కుంకుమ రంగు ముడులు, పసుపు రంగు ముడులు. ఎంత బాగుందో చెప్పలేను. అంత బాగుండకపోయి ఉంటే ఎంత బాగుండేదో కూడా చెప్పలేను.

మా ఇంటికి మూడిళ్ళ అవతల గౌరమ్మ ఉండేది, జట్కా తోలే ఆయన భార్య, కన్నడం ఆమె. ఇద్దరు బిడ్డలను పోగొట్టుకుని మూడోవాణ్ణి ఒళ్ళోంచి దించకుండా పెంచుకుంటోంది. వాడి పేరు పుట్ట. ఆ వారం వాడికి జ్వరం, వారమంతా దిగలేదు. గౌరమ్మ గుడ్డలు ఉతకడానికి కెరెకు వెళ్ళి, నీళ్ళ అంచున గడ్డికి ఎర్ర నూలు, పచ్చ నూలు కట్టి ఉండటం చూసింది. బెంగుళూరులో ఎర్ర నూలూ పచ్చ నూలూ చెట్టుకో కొమ్మకో కట్టి కనిపిస్తే ఎవరైనా ఏమనుకుంటారు? ఎవరో మొక్కుకున్నారని. నీళ్ళ అంచున కనిపిస్తే కెరె గంగమ్మకు మొక్కుకున్నారని. అది గింజలు రాలకుండా ఒక నేతగాడు వేసిన పురి అని ఏ తల్లికి తోస్తుంది? గౌరమ్మ తన చీర చెరగు అంచు పీలిక చించి, ఒక నివ్వరి గుత్తికి ముడి వేసి, పసుపు నీళ్ళు చల్లి, ఏడ్చి, ఇంటికొచ్చింది. సాయంత్రానికి పుట్టకు చెమట పట్టి జ్వరం దిగింది.

ఆ మాట పేటంతా పాకడానికి ఎంతసేపు? ఆ ఏడు ప్రతి సందులో జ్వరాలే. మర్నాటికి కెరె అంచున ఆడవాళ్ళు బారులు. ఇంట్లో నూలు లేని నేతగాళ్ళ ఆడవాళ్ళు రవికల అంచులు పీకి ముడులు వేశారు. పసుపు, కుంకుమ, వేపాకులు. కొబ్బరికాయలు కొట్టడానికి ఒక రాయి తెచ్చి పెట్టారు, దానికి బొట్టు పెట్టారు, అంతటితో ఆ రాయి గంగమ్మ అయిపోయింది. బురదలో అన్ని పాదాలు పడితే ముడి వేయని నివ్వరి ముడి వేయకుండానే ఒరిగిపోయింది. ముడి వేసింది మాత్రం పసుపు పూసుకుని నిలబడి పండుతోంది.

మేము బుట్ట, చేట తీసుకుని వెళ్ళిన రోజున ఆడవాళ్ళు మా నాయనకు అడ్డం నిలబడ్డారు. అమ్మవారి ముడుపు మీద చేయి వేస్తావా అన్నారు. నాయన నలుగురిలో మాట్లాడలేని మనిషి. చేటను వెనక్కి దాచుకున్నాడు. నాకు మాటలకు కొదవలేదు కదా, నేను ముందుకొచ్చి గొంతు చించుకున్నాను. అది ముడుపు కాదు, మా మగ్గం కింద పోగులు, మా నాయన కట్టినవి, ఇది మా అవ్వ అన్నం, మా అవ్వ ఇది తప్ప తినదు.

ఎవరో కిసుక్కున నవ్వారు. "రేషను అంగడి దయ్యాన్ని చూసినోడు గదా వీడు!" ఇక అందరూ ఒకటే నవ్వు. జీవితంలో నేను చెప్పిన మాటకు అంత మంది ఒక్కసారిగా నవ్వడం మళ్ళీ ఎన్నడూ చూడలేదు. నేను ఏడుస్తూ చెప్పినకొద్దీ, ఏడ్పు కూడా భలే నటిస్తున్నాడని మెచ్చుకున్నారు. ఒక్క గౌరమ్మ నవ్వలేదు. పుట్టను చంకనేసుకుని నన్నే చూస్తూ నిలబడింది.

ఆ మధ్యాహ్నమే ఆమె మా ఇంటికి వచ్చింది. అవ్వ అప్పటికి లేచి కూర్చోవడం మానేసి గోడ వార చాప మీద పడుకునే ఉంది. గౌరమ్మ పుట్టను అవ్వ కాళ్ళ దగ్గర దించి, తను కూడా కూలబడింది.

"అవ్వా, నిజ చెప్పు. నీ మనవడు చెప్పింది నిజమా? ఆ నూలు మీదేనా? అమ్మనోరు కాదా?" కన్నడం కలిసిన తెలుగులో అడుగుతూ ఆమె పుట్ట నుదురు తడిమింది. "వీడి జ్వర మళ్ళీ వస్తే నేను ఎవరి దగ్గర పోయేది అవ్వా?"

నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను, అమ్మ పొయ్యి దగ్గర, నాయన మగ్గం గుంటలో. మా అందరి కళ్ళూ అవ్వ నోటి మీద. ఒక్క 'అవును' అంటే చాలు. గౌరమ్మే వెళ్ళి అందరికీ చెబుతుంది, ఆమె మాట వింటారు, బుట్టెడు గింజలు ఇంటికొస్తాయి. అవ్వ తల తిప్పి పుట్టను చూసింది. వాడు తన కాలి బొటనవేలిని నోట్లో పెట్టుకునే ప్రయత్నంలో ఉన్నాడు. తర్వాత నన్ను చూసింది.

"వాని మాట నమ్ముతారేందమ్మా?" అంది. "వాడు పుట్టిందే నవ్వించేకి. సుమ్నే, ఊరకే ఏదో వాగినాడు. గంగమ్మదే అది. గంగమ్మది గంగమ్మకే ఉండనీ."

గౌరమ్మ బిడ్డను ఎత్తుకుని వెళ్ళిపోయింది. నాయన ఖాళీ నాడెను గోడకేసి కొట్టాడు. దాని చివర ఇనుప మొన విరిగింది. అమ్మ వచ్చి అవ్వ పాదాలు పట్టుకుని, అంబలి ఒక్క గుటక తాగమని, ఆ పాపం ఏడు జన్మలు తనే మోస్తానని ఏడ్చింది. "నీ వీపు మీద ఇప్పటికే ఇద్దరుండారు మోసేకి," అని అవ్వ కళ్ళు మూసుకుంది.

నేను కెరె అవతలి ఒడ్డున, గేదెలు పొర్లే గుంతల పక్కన, ఎవరి కంటా పడని నివ్వరి మొక్కలు వెతికాను. అప్పుడు పనికొచ్చింది అవ్వ చెప్పిన చదువు. ఆకు విప్పడం, నాలుక చూడటం, ఊద అయితే వదిలేయడం. ఉన్నదంతా ఊదే. ఊద గింజలు తెచ్చి నివ్వరి అని పెడదామంటే ఆమె వేళ్ళతో ఒకసారి నలిపి పక్కన పెట్టేది. ఊద గట్ల మీద ఎద్దు నడిచి ఉంటుందట. రోజంతా తిరిగితే దొరికిన నివ్వరి నా గుప్పిట్లో సగం. అది ఉడికించిన నీళ్ళు మాత్రం తాగేది. ఒకరోజు రుక్కు తన కంచంలో సంగటి తుంచి పడుకున్న అవ్వ నోట్లో పెట్టింది. అవ్వ పెదవులు బిగించి, దాని చేతిని అట్లాగే తిప్పి ఆ ముద్దను దాని నోట్లోకే తోసింది. "నేను రుసి సూసినాలే, ఉప్పు సరిపోయింది. నువ్వు తిను."

కార్తీకం ముగిసేలోపల, ఎండ ముంగిట్లో సగం దాకా వచ్చిన వేళ, ఉత్త రాట్నం వైపు చూస్తూ అవ్వ పోయింది. ఆమెను ఎత్తితే బరువే లేదు. నేను గాలిపటం మాట గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

మా ఆచారంలో పాడె లేపేముందు పోయిన మనిషి నోట్లో బియ్యం వేస్తారు. చుట్టాలు రేషను బియ్యం నానబెట్టి తెచ్చారు. నాయన వేయనివ్వలేదు. "మా యమ్మ ఎద్దు దున్నింది తినదు," అన్నాడు. అందరూ సముదాయించారు, చచ్చిన తర్వాత నోము ఏంటన్నారు. ఆయన అదే మాట మళ్ళీ మళ్ళీ అంటూ గడపలో అడ్డంగా కూర్చున్నాడు. పొద్దు నెత్తికెక్కుతోంది, పురోహితుడు తొందరపడుతున్నాడు.

అప్పుడు గౌరమ్మ వచ్చింది. మోకాళ్ళ దాకా బురద. కుడి చేయి గుప్పిట బిగించి ఉంది. ఎవరినీ పలకరించకుండా నాయనను దాటుకుని లోపలికి నడిచి, అవ్వ తల దగ్గర కూర్చుని గుప్పిట విప్పింది. ఎర్ర మీసాల గింజలు, వాటి మధ్య ఆమె చీర అంచు పీలిక. తన చేత్తో వేసిన ముడిని తన చేత్తోనే విప్పి తెచ్చింది. గింజలను అరచేతుల మధ్య నలిపి, మీసాలు ఊదేసి, అవ్వ నోట్లో వేసింది. నా వైపు చూడలేదు. చూసి ఉంటే ఏమనేవాణ్ణో నాకు ఇప్పటికీ తెలియదు.

మిగతా ముడులు అట్లాగే ఎండి, గాలికి నూలు కుళ్ళి, గింజ బురదలో రాలింది. మరుసటి ఏడు ఆ మేరంతా ఎన్నడూ లేనంత ఒత్తుగా నివ్వరి మొలిచింది. మా ఇంట్లో ఎవరూ అటు పోలేదు.

ఆ కెరె ఇప్పుడు లేదు. యుద్ధమయ్యాక కొన్నేళ్ళకే ఊరి చెత్త, ఇళ్ళు కూల్చిన మట్టి అందులో పోశారు. జమ్ము పోయింది, బాతులు పోయాయి, గేదెలు పోయాయి, చివరికి నీళ్ళు కూడా ఎక్కడికో పోయాయి. దాని మీద బస్సులు నిలుస్తాయి. మా సందులో గుంట మగ్గాలు పూడ్చి గచ్చు చేసుకున్నారు, గంజి వాసన తెలిసిన ముక్కులు నాలాంటివి నాలుగైదు మిగిలి ఉంటాయి. ఆ రాయి మాత్రం ఉంది. బస్సులు మలుపు తిరిగే మూల దానికి చిన్న గుడి కట్టారు, వెండి మొహం తొడిగారు, ముందు ఇనుప కటకటాలు పెట్టారు, ఆ కటకటాల నిండా ఎర్రవీ పచ్చవీ దారాలు. గడ్డి లేదు కాబట్టి ఇనుముకు కడుతున్నారు. దారాలు అమ్మే ఆమె ఎవరడిగినా ఒక కథ చెబుతుంది. అందులో ఒక రాజు, ఒక కల ఉన్నాయి, నేతగాడు లేడు, ముసలమ్మ లేదు.

హెబ్బగోడి గుంత గట్టు మీద నా పంచెకు గుచ్చుకున్న మీసాన్ని పట్టుకుని మళ్ళీ వెళ్ళి, ఆకు విప్పి, నాలుక చూసి, నివ్వరేనని తేల్చుకుని, ఒక వెన్ను జాగ్రత్తగా గుడ్డలో కట్టి రుక్కు చేతిలో పెట్టాను. అది గుడ్డ విప్పి చూసి, మళ్ళీ కట్టింది. మర్నాడు సిటీకి పోదాం పద అంది. బస్సు దిగి నేరుగా ఆ గుడి దగ్గరికి నడిచి, దారాలమ్మే ఆమె దగ్గర ఎర్ర పోగు తీసుకుని, నివ్వరి వెన్నును కటకటాలకు ఆనించి ముడి వేయసాగింది. వయసుకు వేళ్ళు బిగుసుకుపోయినా ముడి మాత్రం నాయన వేసిన పురే, ఎప్పుడు నేర్చుకుందో. రుక్కు ఇక్కడికి ప్రతి ఏడూ ఋషిపంచమికి వస్తుందని దారాలమ్మే ఆమె పలకరింపుతో అప్పుడే తెలిసింది నాకు. పక్కన నిలబడి ఊరుకోవడం నా వల్ల ఎక్కడవుతుంది?

"ఒసే రుక్కూ," అన్నాను, "ఊరోళ్ళంటే తెలీక కడతాండారు. నీకు తెలుసు గదా, ఇక్కడ అమ్మోరూ లేదు, గిమ్మోరూ లేదు. మన నాయన గింజలు రాలకుండా కట్టిన ముడి ఇది. దీనికేం దండం పెడతావే?"

రుక్కు ముడి బిగించి, పోగు కొస పంటితో తెంపి, నా వైపు తిరిగింది.

"గడ్డిని గుర్తుపట్టేది నేర్చుకుంటివి, సరే. అమ్మోరిని గుర్తుపట్టేది ఎప్పుడు నేర్చుకుంటావన్నా?"